ఊపిరి లెక్క

సోమవారం ఉదయం ఎనిమిదింబావుకి నిమిషమ్మ చేతిలోని పట్టీల కట్ట ఆమె ఆడపడుచు చేతిలోకి మారింది.

ఆ పిల్ల అడిగి తీసుకోలేదు. పెద్ద డాక్టరు ఇమ్మన్నాడు, ఈమె ఇచ్చింది, ఆమె పుచ్చుకుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు. దెబ్బలు తగిలి వచ్చినవాళ్ళ మణికట్టుకు కట్టేవి. ఆ రంగును బట్టే మనిషి తిన్నగా లోపలికి వెళతాడో, బల్ల మీద కూర్చుని నాలుగు గంటలు గోడ చూస్తాడో తేలుతుంది.

"గురువారం తనిఖీ వాళ్ళొస్తున్నారు," అన్నాడు పెద్ద డాక్టరు ఆమె మొహంలోకి చూడకుండా. "ఎమర్జెన్సీ తలుపు దగ్గర మనిషికి ఎంతసేపు పడుతోందో రాసుకుంటారు. నీకు రెండున్నర నిమిషాలు. ఆవిడకి నలభై సెకన్లు. ఈ వారం నువ్వు కింద రికార్డు గదిలో ఉండు. పాత ఫైళ్ళలో మార్కులు కూడటం మిగిలిపోయింది, పూర్తి చెయ్యి."

"అందులో ఒక నిమిషం ఊపిరి లెక్కకే పోతుంది సార్..."

"తెలుసమ్మా. ఆసుపత్రి మొత్తానికి తెలుసు. పేరే పెట్టేశారుగా."

వెనక స్ట్రెచర్ కడ్డీ మీద మోచేతులు ఆన్చి నిలబడ్డ ముసలాయన, అందరూ బండి మామ అని పిలిచే ఆయన, కిసుక్కున నవ్వి ఆ నవ్వును దగ్గులో కలిపేశాడు.

పెద్ద డాక్టరు వెళ్ళగానే ఆడపడుచు గొంతు తగ్గించింది. "వదినా, నేనడగలేదు. ఒట్టు."

"నువ్వడిగావని ఎవరన్నారే? ఆ కలానికి మూత పెట్టుకో, జేబంతా సిరా."

ఆ పిల్లను తూనీగ అంటారు. ఒకచోట వాలినట్టే ఉంటుంది, అప్పటికే ఇంకోచోట ఉంటుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే స్కూటీ, ఒకే డ్యూటీ. తలుపు మాత్రం ఒక్కరిదే. ఆ తలుపంటే నిమిషమ్మకు ప్రాణం. మెట్లు దిగుతుంటే వెనక అంబులెన్స్ ఆగిన చప్పుడైంది. అలవాటు కొద్దీ కాళ్ళు వెనక్కి తిరిగాయి. బలవంతాన వాటిని ముందుకు నడిపించింది.

రికార్డు గది కిటికీ రోడ్డు మట్టానికి ఉంది. అందులోంచి మనుషులు కనపడరు, చెప్పులూ చక్రాలూ కనపడతాయి. మూడు బీరువాలు, ఒక బల్ల, ట్యూబ్‌లైటు. ఒక్కో ఫైలుకూ తలుపు దగ్గర రాసిన చీటీ కుట్టి ఉంటుంది. చీటీలో మూడే గళ్ళు. నిమిషానికి ఎన్ని ఊపిరులు, రక్తపోటు ఎంత, స్పృహ ఎంత. ఒక్కోదానికి నాలుగు మార్కులు, మొత్తం పన్నెండు. పన్నెండుకు పన్నెండూ వస్తే ఆకుపచ్చ, ఒక్కటి తగ్గితే పసుపు, అంతకంటే తగ్గితే ఎరుపు. ఊపిరి పదికీ ముప్పైకీ మధ్య ఉంటే నాలుగూ వేసేయాలి. ముప్పై తాకితే ఒకటి కోసేయాలి. ఆ ఒక్క మార్కే మనిషిని బల్ల మీంచి లేపి మంచం మీదకు చేరుస్తుంది.

నిమిషమ్మ కూడికలు మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి అరవై ఫైళ్ళు అయ్యాయి. అరవై ఒకటో దాని దగ్గర కలం ఆగింది.

మళ్ళీ మొదటి ఫైలు తీసింది. తర్వాత రెండోది. తర్వాత నేల మీద కూర్చుని అన్నిటినీ చుట్టూ పరుచుకుంది.

రక్తపోట్లు ఒకదానికొకటి పోలిక లేవు. నూట నాలుగు, నూట ముప్పై ఒకటి, ఎనభై ఎనిమిది. మనుషులన్నాక అలాగే ఉంటారు. ఊపిరి గడిలో మాత్రం పద్దెనిమిది. కింద పద్దెనిమిది. దాని కింద పద్దెనిమిది. లారీ గుద్దిన ముసలాయనకు పద్దెనిమిది. మరిగే నూనె మీద పడ్డ వంటమనిషికి పద్దెనిమిది. ఏడాది నిండని పాపకూ పద్దెనిమిదే. అంత చిన్న పాప నిమిషానికి పద్దెనిమిదిసార్లే ఊపిరి తీస్తోందంటే అప్పటికే సగం ప్రాణం పోయినట్టు. గుండె ఆగిపోయి వచ్చాడని అదే చీటీలో రాసి ఉన్న మనిషికి కూడా ఎవరో చక్కగా, గుండ్రంగా పద్దెనిమిది వేశారు.

నిమిషమ్మ లేచి గది తలుపు దగ్గరగా వేసింది.

నాడికి యంత్రం ఉంది. రక్తపోటుకు యంత్రం ఉంది. ఊపిరికే లేదు. నిలబడి, ఛాతీ వైపు చూస్తూ, ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. అరవై సెకన్లు ఎవరికున్నాయి? అందుకని అందరికీ ఒకే అంకె. మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. ఏ డాక్టరూ ఇదేంటని అడగని అంకె.

మంగళవారం ఆమె కొత్త నోటుపుస్తకం తెరిచింది. ఫైలు, తేదీ, అంకె, ఎవరి చేతిరాత. నాలుగు వరసలు గీసింది. చేతిరాతలు తనకు కొట్టిన పిండి. ఎవరు ఒకటిని కర్రలా నిలబెడతారో, ఎవరు వంగదీస్తారో అన్నీ తెలుసు. మధ్యాహ్నానికి ఏడుగురి చేతులు తేలాయి. అందరికంటే ఎక్కువసార్లు కనపడింది మాత్రం తోక సాగదీసిన ఎనిమిది. వంటింటి గోడ మీద పాల లెక్కలో రోజూ చూసే ఎనిమిది. తూనీగది.

భోజనాల వేళ తూనీగ రెండు డబ్బాలూ పట్టుకుని దిగింది.

"అబ్బో, రాణీగారి మహలు! ఫ్యాను కూడా ఉంది."

"ఊపిరి ఎలా చూస్తున్నావే?"

"కళ్ళతో."

"లెక్కపెట్టి?"

తూనీగ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. "మనిషి మాట్లాడుతున్నాడంటే ఊపిరి ఉన్నట్టేగా వదినా. పొద్దున ఒకాయన నన్ను పది నిమిషాలు ఆపకుండా తిట్టాడు. ఊపిరి లేకుండా తిట్టగలడా?"

"పద్దెనిమిదే ఎందుకు?"

తూనీగ డబ్బా మూత బల్ల మీద పెట్టేసింది. "నాకు నేర్పినావిడ అదే రాసేది. ఆవిడకు నేర్పినావిడ కూడా అదే రాసుంటుంది." తర్వాత నోటుపుస్తకం వైపు చూసింది. గీతలు చూసింది, చేతిరాతల వరస చూసింది. "ఇది ఎవరికి చూపిద్దామని?"

"రేపు పెద్ద డాక్టరుకి."

"'నా తలుపు నాకిచ్చెయ్యి' అని నాతోనే చెప్పొచ్చుగా సూటిగా. ఇంతమంది మెడకు ఉరెందుకు?"

డబ్బా అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. సాయంత్రం స్కూటీ మీద ఇద్దరి మధ్యా సంచి కూర్చుంది. ఇంట్లో, "ఏంటి, చెల్లెమ్మ అలిగిందా?" అని అడిగాడు మొగుడు. "అలిగితే నీకు చెప్పకుండా ఉంటుందా?" అని తలుపేసుకుంది నిమిషమ్మ. కోపంలో నిజం ఉంది. కోపంలో చేజారిన ఆసుపత్రి తలుపు కూడా ఉంది. ఆ రెండిటినీ విడదీయడం ఆ రోజు ఆమె వల్ల కాలేదు.

బుధవారం పొద్దున్నే చివరి కట్ట విప్పింది. ఇది కాగానే పైకి వెళ్ళాలి. మాటలు కూడా వరసగా పేర్చుకుంది. నాలుగో ఫైలు తెరిచి, చీటీ చూసి, అలవాటుగా నోటుపుస్తకంలో పద్దెనిమిది రాసింది. చేతిరాత గడి దగ్గరకొచ్చింది.

ఎవరిదో తెలియలేదు. ఏడుగురిలో ఎవరిదీ కాదు. కింద పెద్ద సున్నా, పైన చిన్న సున్నా, ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన ఎనిమిది.

ఇందాకే తాను రాసిన ఎనిమిది వైపు చూసింది.

మూడుసార్లు పోల్చింది. నాలుగోసారి కాగితం లైటుకు అడ్డంగా పట్టుకుంది, అలా చేస్తే సిరా మారిపోతుందన్నట్టు. మారలేదు. ఎనిమిది నెలల కిందటి తేదీ. రెండు బస్సులు గుద్దుకున్న రోజు. ఒక్క గంటలో నలభైమంది. అందులో ఈ ఫైలు మనిషి ఒకతి. యాభై రెండేళ్ళ మనిషి, కాలు విరిగింది, రక్తపోటు నూట ఇరవై, స్పృహ పూర్తిగా ఉంది. పన్నెండుకు పన్నెండు. ఆకుపచ్చ పట్టీ. బల్ల మీద నాలుగు గంటలు. తర్వాత పేజీలో ఇంకెవరో లెక్కపెట్టి రాశారు, ఊపిరి ముప్పై ఆరు అని. ఆ తర్వాత పేజీలో రాయడానికి ఏమీ మిగల్లేదు.

నిమిషమ్మ కళ్ళు మూసుకుని ఆ మనిషి మొహం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. చీర రంగు రాలేదు. గొంతు రాలేదు. తాను రాశానన్న సంగతే రాలేదు. అన్నిటికంటే అదే ఆమెను భయపెట్టింది. అబద్ధం ఆడినట్టు గుర్తుంటే అది అబద్ధం. ఇది చేతికి పట్టిన అలవాటు. మనసుకు చెప్పకుండా చెయ్యే రాసేసింది.

ఆమె ఫైలు మూసింది. నోటుపుస్తకం ఫైలు కింద పెట్టి, రెండిటినీ సొరుగులో తోసి తాళం వేసింది. ఎవరు చూశారు? ఎవరు చూస్తారు? పైకి వెళ్ళడం లేదు, అంతే.

పదకొండున్నరకు కిటికీలో చక్రాలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, ఐదు. తర్వాత పరుగెత్తే కాళ్ళు. బండి మామ మెట్ల పైనుంచే అరిచాడు. "నిమిషమ్మా, రా! పరంజా కూలింది! పెద్ద హాలు మరమ్మతు చేస్తున్న చోట. ఇరవైమందికి పైనే!"

తలుపు దగ్గర తూనీగ నిజంగానే తూనీగలా ఉంది. స్ట్రెచర్ ఆగీ ఆగకముందే చెయ్యి నాడి మీద, కళ్ళు యంత్రం మీద, పెదాల మీద ప్రశ్న. ఎరుపు, ఎరుపు, పసుపు. తప్పుపట్టడానికి లేదు. లోపలికి వెళ్ళాల్సినవాళ్ళు రెప్పపాటులో వెళుతున్నారు. పెద్ద డాక్టరు నిమిషమ్మను చూసి, "నువ్వు ఆకుపచ్చ వాళ్ళ పేర్లు రాసుకో," అని తెర వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆకుపచ్చ వాళ్ళు పదకొండుమంది గోడ వారగా బల్లల మీద ఉన్నారు. అందరూ ఒకేలా ఉన్నారు. సున్నం ధూళి తల నుంచి కాళ్ళ దాకా కమ్మేసింది. ఎవరు పాలిపోయారో, ఎవరు మామూలుగా ఉన్నారో కనిపెట్టడం దేవుడి తరం కూడా కాదు. ఒకాయన మాత్రం అందరినీ నవ్విస్తున్నాడు. రంగులు వేసే మేస్త్రీ. చేతులు మోచేతుల దాకా నీలం, గోళ్ళు కూడా నీలమే.

"రాసుకోండి సిస్టర్. మేస్త్రీని. పరంజా కంటే... ముందు నేను... కూలాను. అయినా... అది నా వల్లే పడిందంటారు... కాంట్రాక్టరు."

పక్కవాళ్ళు నవ్వారు. నిమిషమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

మూడు మాటలు, ఆగడం. రెండు మాటలు, ఆగడం. హాస్యగాళ్ళు ఎక్కడ ఆగాలో తెలిసి ఆగుతారు. ఈయన ఆగకూడని చోట ఆగుతున్నాడు.

మణికట్టున పట్టీ. రక్తపోటు నూట పద్దెనిమిది. స్పృహ బ్రహ్మాండం. ఊపిరి, తోక సాగదీసిన పద్దెనిమిది. ఆక్సిజన్ చూడటానికి వేలికి పెట్టే క్లిప్పు గోళ్ళ మీది రంగు మందానికి ఏ అంకే చూపించక ఊరికే మెరుస్తోంది.

ఆమె కాగితం మీద ఏదో రాస్తున్నట్టు తల వంచి, ఆయన చొక్కా మూడో గుండీ మీద చూపు నిలిపింది. గోడ గడియారం ముల్లు పన్నెండు దాటింది. ఒకటి. రెండు. మూడు. వెనక ఎవరో సిస్టర్ సిస్టర్ అని పిలుస్తున్నారు. ఎనిమిది. తొమ్మిది. గుండీ లేస్తోంది, పడుతోంది. కుడివైపు చొక్కా లేచినంతగా ఎడమవైపు లేవడం లేదు. పదిహేడు అయ్యేసరికి ముల్లు ఆరు మీద ఉంది. పద్దెనిమిది దాటింది. పందొమ్మిది, ఇరవై. ఆమెకు చుట్టూ గోల వినపడటం మానేసింది. ఆ మనిషి లోపల ఎవరో ఒంటరిగా బరువైనదాన్నేదో మోస్తున్నాడు, బయట నవ్వే మేస్త్రీకి కూడా చెప్పకుండా. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై నాలుగు.

"తూనీగా!"

"వదినా, ఇప్పుడా నీ నిమిషం?" తూనీగ తల తిప్పకుండానే అరిచింది. "చేతినిండా ఎరుపులున్నాయి!"

నిమిషమ్మ జేబులోంచి కలం తీసి పద్దెనిమిది కింద ముప్పై నాలుగు రాసింది. పదకొండు మార్కులు. పసుపు. మళ్ళీ ఎడమవైపు చూసి పసుపు పట్టీ కోసం కూడా ఆగలేదు. "మామా, బండి!" అంది. ఆ పిలుపులో ఏం వినపడిందో, బండి మామ ఏమీ అడగలేదు.

తెర వెనక పెద్ద డాక్టరు చెవులకు స్టెతస్కోపు పెట్టుకుని కుడివైపు విన్నాడు, ఎడమవైపు విన్నాడు. ఎడమవైపు చాలాసేపు విన్నాడు. స్టెతస్కోపు మెడలోకి జార్చి, "కత్తి," అన్నాడు.

నిమిషమ్మ ఆయన్ని తొమ్మిదేళ్ళుగా తొందరలోనే చూసింది. ఇప్పుడాయన వేళ్ళకు తొందర లేదు. పక్కటెముకల మధ్య సందును ఒక్కొక్కటే తడిమి, ఒకచోట ఆగి, అక్కడ చిన్న గాటు పెట్టి, వేలు లోపలికి పోనిచ్చి, ఆ దారినే సీసాకు తగిలించిన గొట్టం దించాడు. గొట్టంలో ముందు గాలి బుస్సుమంది. తర్వాత రక్తం వచ్చింది. ధారగా, ముదురు ఎరుపుగా, సీసా అడుగును దాటి, సగాన్ని దాటి. లీటరు గీత దాటి పైకి ఎక్కుతూనే ఉంది. ఇంత రక్తం, ఇంత బరువు, గుండెను ఓ పక్కకు నెట్టేస్తుంటే ఈ మనిషి బల్ల మీద కూర్చుని కాంట్రాక్టరు మీద జోకులు వేశాడు! రక్తపోటు పడనివ్వకుండా, స్పృహ జారనివ్వకుండా ఒళ్ళంతా ఒక్కటై కాపలా కాసింది. ఊపిరి ఒక్కటే తలుపు కొట్టి చెప్పింది. వినేవాళ్ళుంటే వింటారని.

చొక్కా లేని ఎడమ ఛాతీ మెల్లగా పైకి లేచింది. కుడిదానితో సమానంగా.

బండి మామ మేస్త్రీ చొక్కా మడిచి బండి కింద పెట్టాడు.

"ఇంకో అరగంట ఆగితే?" అంది తూనీగ. ఎప్పుడొచ్చిందో తెర పట్టుకుని నిలబడి ఉంది.

పెద్ద డాక్టరు కుట్టు వేస్తూ, "ఆగలేదుగా," అన్నాడు.

గురువారం ఎనిమిదిన్నరకు ఇద్దరికీ పిలుపొచ్చింది. పెద్ద డాక్టరు బల్ల మీద మేస్త్రీ చీటీ ఉంది, ఒక అంకె కింద ఇంకో అంకెతో. పక్కనే టైపు చేసిన కాగితం.

"పదింటికి వాళ్ళొస్తారు. నిన్నటి కేసులే ముందు అడుగుతారు. ఇది చూస్తారు." ఆయన తూనీగ వైపు తిరిగాడు. "లెక్కపెట్టావా?"

"లేదు సార్." గొంతు వినపడీ వినపడనట్టుంది.

"ఈవిడ లెక్కపెట్టకుండా రాసింది, నేను చూశాను, అని ఇందులో ఉంది," అని టైపు కాగితం నిమిషమ్మ ముందుకు జరిపాడు. "సంతకం పెట్టు. ఈవిడని తలుపు నుంచి తీసేస్తాం, మెమో ఇస్తాం. నువ్వు పదింటికల్లా నీ చోట నిలబడు. పొరపాటు నాదేననుకో, నిన్ను తీయకుండా ఉండాల్సింది."

తొమ్మిదేళ్ళలో ఆయన పొరపాటు అనడం ఇదే మొదలు. కాగితంలో ఒక్క ముక్క అబద్ధం లేదు. కలం కూడా ఆయనే మూత తీసి ఇచ్చాడు. తూనీగ నేల వైపు చూస్తోంది. నిన్న ఇంట్లో ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. పొద్దున స్కూటీ తాళం వదిన చేతికిచ్చి వెనక కూర్చుంది.

నిమిషమ్మ కలం బల్ల మీద పెట్టింది.

"ఒక్క ఐదు నిమిషాలు సార్."

మెట్లు దిగింది. సొరుగు తాళం తీసింది. ఫైలూ నోటుపుస్తకమూ పట్టుకుని పైకి వచ్చి, ఫైలు ఆయన ముందు తెరిచింది.

"ఇది నా చేతిరాత సార్. ఈవిడ ఊపిరి నేను లెక్కపెట్టలేదు. నాలుగు గంటలు బల్ల మీద ఉంది. పోయింది."

పెద్ద డాక్టరు చదివాడు. పేజీ తిప్పాడు, చివరిదాకా చదివాడు. "లెక్కపెట్టినా బతికేదో లేదో ఎవరూ చెప్పలేరు."

"చెప్పలేరు సార్. ఆ చెప్పే వీలే లేకుండా చేశాను."

"దీన్ని ఎవరడిగారమ్మా నిన్ను?"

"ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి లేదు. అందుకే తెచ్చాను."

తూనీగ తల ఎత్తి వదినను చూసింది. ఇంతకు ముందు ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

నిమిషమ్మ నోటుపుస్తకం కూడా ముందుకు జరిపింది. "మూడు వందల పన్నెండు ఫైళ్ళు. రెండు వందల ఎనభై ఒకటిలో ఒకటే అంకె. ఎనిమిది మంది చేతులు, నాతో కలిపి. ఈ పిల్ల ఒక్కదాని మీద సంతకం పెట్టమంటే పెట్టలేను. అందరి మీదా పెట్టమనండి, మొదటి పేరు నాది రాసి."

ఆయన నోటుపుస్తకం తిప్పుతూ పోయాడు. వేలు వరస వెంట దిగుతూ ఒకచోట ఆగింది. సిస్టర్లు తక్కువైన ఒక ఆదివారం ఆయనే స్వయంగా తలుపు దగ్గర నిలబడిన రోజది. చేతిరాత గడిలో ఆమె 'పె.డా.' అని మాత్రం రాసింది. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉంది.

కింద కారు తలుపులు వేసిన చప్పుడైంది. పదికి ఇంకా గంట ఉండగానే తనిఖీ వాళ్ళు దిగారు.

పెద్ద డాక్టరు టైపు కాగితాన్ని నిలువునా మడిచి, అడ్డంగా మడిచి, జేబులో పెట్టుకున్నాడు. నోటుపుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "మెమో నీకూ వస్తుంది. ఆమెకూ వస్తుంది. మూడోది ఎవరికి రావాలో నేను చూసుకుంటాను. దీన్ని మాత్రం వాళ్ళకు నేనే చూపిస్తాను." లేచాడు. గుమ్మంలో ఆగాడు. "వెళ్ళండి. తలుపు దగ్గర ఎవరూ లేరు."

ఏ ఒక్కరి పేరూ చెప్పలేదు. ఇద్దరూ వెళ్ళారు.

బండి మామ అప్పుడే ఒక స్ట్రెచర్ లోపలికి తోస్తున్నాడు. సైకిలు మీంచి పడ్డ పోస్టుమాన్. మోచెయ్యి చీరుకుంది, ఖాకీ చొక్కా చిరిగింది, ఉత్తరాల సంచి మాత్రం వదలకుండా పొట్ట మీద పట్టుకున్నాడు. తూనీగ రక్తపోటు చూసి రాసింది. పేరడిగింది, ఏ వారమో అడిగింది, రాసింది. ఊపిరి గడి దగ్గర కలం గాల్లో ఆగిపోయింది.

"వదినా," అంది మెల్లగా, "నిజంగా లెక్కపెట్టడం నాకు రాదే."

"మణికట్టు పట్టుకో. నాడి చూస్తున్నట్టుండు. ఊపిరి చూస్తున్నావని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. ఆయన కళ్ళలోకి చూడకు."

"ఎక్కడ చూడను?"

"సంచి మీద చూడు. అదే చెబుతుంది."

తూనీగ పోస్టుమాన్ మణికట్టు పట్టుకుంది. వాకిట్లో కొత్త బూట్ల చప్పుడు, పెద్ద డాక్టరు గొంతు దగ్గరవుతున్నాయి. ఆమె తల తిప్పలేదు. ఉత్తరాల సంచి మెల్లగా లేచింది. దాంతోపాటు ఎవరెవరికో రాసిన ఉత్తరాలన్నీ పైకి లేచాయి. ఓ క్షణం అక్కడ ఆగాయి. దిగాయి. తూనీగ పెదాలు కదిలాయి, శబ్దం లేకుండా. మళ్ళీ లేచాయి. ఆ పిల్ల మొహంలో చిన్నప్పుడు వర్షాన్ని మొదటిసారి చూసినప్పటి మొహం ఉంది.

"ఇది ఆగకుండా పుట్టినప్పటినుంచీ..." అంది గుసగుసగా.

"మాట్లాడకు," అంది నిమిషమ్మ. "లెక్క తప్పుతుంది."